గోడ క్యాలెండర్‌లో ఉన్న సుగుణాలు ఫోన్ యాప్‌లో ఉన్నాయా?

(ఈ నెల తల్లిదండ్రుల పాఠం: పిల్లల నోట్సు, పనుల జాబితా యాప్‌లు)



ఈ పాఠం చదివే ముందు ఒక్కసారి మీ వంటింటి గోడకున్న క్యాలెండర్ చూడండి. పాలు పోయించుకోని రోజు మీద ఇంటూ గుర్తు ఉంటుంది. గ్యాస్ బండ మార్చిన తేదీ ఉంటుంది. చీటీ కట్టాల్సిన రోజు చుట్టూ సున్నా చుట్టి ఉంటుంది. ఒక మూల మోటారు మెకానిక్ ఫోన్ నంబరు ఉంటుంది. మన ఇళ్లలో పనుల జాబితా అంటే ఇదే. దీనికి పాస్‌వర్డ్ అక్కర్లేదు. కరెంటు పోయినా పనిచేస్తుంది. ఇంట్లో ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా చదవొచ్చు. తిథి, నక్షత్రం కూడా అందులోనే ఉంటాయి.

ఇప్పుడు పిల్లల సంగతికి వద్దాం. ఎనిమిదో తరగతికి వచ్చేసరికి చాలామంది "ఫోన్‌లో నోట్సు యాప్ వేసుకుంటాను, ఇక హోంవర్క్ మర్చిపోను" అంటారు. కొందరు తల్లిదండ్రులు వెంటనే సరేనంటారు. కొందరు ఫోన్ మాటే ఎత్తొద్దంటారు. ఏ నిర్ణయమైనా తీసుకునే ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఆ యాప్ ఏ పని తాను చేస్తుంది, ఏ పని మీ అమ్మాయికో అబ్బాయికో వదిలిపెడుతుంది?

తేదీలు, టైములు గుర్తుచేసే పని యాప్‌కి అప్పగించవచ్చు. పాఠం గుర్తుపెట్టుకోవడం, ఈ రోజు ఏది ముందు చేయాలో నిర్ణయించుకోవడం మాత్రం పిల్లల పనులు. ఈ గీత గీసుకుంటే యాప్‌లో ఏ సౌకర్యాలు కోరాలో, ఏవి వద్దనాలో మీకే తెలుస్తుంది. కోరవలసినవి అయిదు, కోరకూడనివి రెండు కింద చెబుతున్నాం.

కోరిక 1: తెలుగులో రాసింది తెలుగులో దొరకాలి

యాప్ వేసుకోగానే ఈ చిన్న పరీక్ష పెట్టండి. ఒక నోట్‌లో "సైన్సు పుస్తకాలకు అట్టలు వేయాలి" అని రాయండి. తరువాత వెతికే చోట "పుస్తకం" అని కొట్టి చూడండి. అక్షరాలను మాత్రమే పోల్చి చూసే యాప్ అయితే ఆ నోట్ దొరకదు. "పుస్తకం"లో 'క' తరువాత సున్నా ఉంది. "పుస్తకాలకు"లో 'క'కి దీర్ఘం ఉంది. యంత్రం దృష్టిలో అవి రెండు వేరు వేరు మాటలు. ఇంగ్లిష్‌లో బుక్ అని వెతికితే బుక్స్ కూడా దొరుకుతుంది, ఎందుకంటే అక్కడ మాట చివర ఒక అక్షరం చేరుతుందంతే. తెలుగులో అలా కాదు. ఇల్లు 'ఇంటికి' అవుతుంది, ఊరు 'ఊళ్లో' అవుతుంది. మన భాషలో మాట రూపం మారినా పట్టుకోగల వెతుకులాట మన మొదటి కోరిక.

అది వచ్చేదాకా పిల్లలకు ఒక చిట్కా చెప్పండి. మాటంతా కొట్టకుండా "పుస్తక" వరకే కొడితే సాధారణంగా రెండు రూపాలూ దొరుకుతాయి. ఇంకో అలవాటు కూడా చేయించండి. వాట్సాప్‌లో లాగా ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాస్తే, తర్వాత తెలుగు లిపిలో వెతికినప్పుడు అది దొరకదు. ఏదో ఒక పద్ధతికి కట్టుబడమనండి. కీబోర్డు మీద ఒత్తులు కొట్టడం కష్టమైతే మాట్లాడి రాయించవచ్చు. గూగుల్ 2017 ఆగస్టులోనే తెలుగు మాటను విని రాసే సౌకర్యం తెచ్చింది. అమ్మమ్మగారు కూడా వాడగలరు.

యంత్రాలు మన లిపికి ఇంకా అలవాటు పడుతూనే ఉన్నాయనడానికి ఒక ఉదాహరణ. 2018 ఫిబ్రవరిలో ఒక తెలుగు అక్షరాల వరుస ఐఫోన్లను కంగారు పెట్టింది. 'జ్ఞ' తరువాత కంటికి కనబడని ఒక సంకేతం, దాని తరువాత దీర్ఘం వచ్చిన మెసేజ్ తెరిస్తే ఆ యాప్ ఆగిపోయేది. ఆపిల్ సంస్థ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. 'జ్ఞాపకం' అనే మాట మొదలయ్యేది ఆ అక్షరంతోనే! అందుకే తెలుగు బాగా వస్తుందని ప్రకటన చూసి నమ్మకండి. మీరే రాసి, మీరే వెతికి చూడండి.

కోరిక 2: ఇంటర్నెట్ లేకపోయినా తెరుచుకోవాలి

ఇది పట్నాల్లో ఉన్నవాళ్లకు చిన్న విషయంలా కనబడుతుంది. కోనసీమలో మనకు తెలుసు. 2022 మే నెలలో ఇక్కడ కొన్ని రోజులపాటు మొబైల్ ఇంటర్నెట్ నిలిపివేశారు. అదే ఏడాది జూలైలో గోదావరి ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక దాటి, 25 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. వరద రోజుల్లో లంకల్లో కరెంటు ఉండదు, సిగ్నల్ ఉంటుందో లేదో చెప్పలేం. నోట్సంతా ఎక్కడో దూరాన సర్వర్‌లో మాత్రమే ఉంటే, పరీక్ష ముందు రోజు అది ఉన్నా లేనట్టే.

పరీక్షించడం తేలిక. ఫోన్‌ని ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. యాప్ మూసి మళ్లీ తెరవండి. పాత నోట్సు చదవగలుగుతున్నారా? బోర్డు ఫొటో తీసి దాచినది కనబడుతోందా? కొత్త నోట్ రాస్తే నిలుస్తోందా? మళ్లీ ఇంటర్నెట్ వచ్చాక ఆ నోట్ రెండో ఫోన్‌లోకి చేరిందా? నాలుగింటికీ అవునని జవాబు వస్తేనే మన ప్రాంతానికి పనికొచ్చే యాప్.

వరద మాట వచ్చింది కాబట్టి ఇంకొక సౌకర్యం గురించి చెప్పుకోవాలి. కొన్ని పనులకు తేదీ ఉండదు, సందర్భం ఉంటుంది. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది ఇస్తారు. "మొదటి హెచ్చరిక రాగానే పుస్తకాలు ప్లాస్టిక్ కవర్లో, సర్టిఫికెట్లు అటక మీదికి, ఫోన్లు పవర్ బ్యాంకు ఫుల్ ఛార్జింగ్" అనే జాబితా ఏటా ఒకటే. దాన్ని ఒకసారి రాసి పెట్టుకుని, ప్రతిసారీ టిక్కులు తీసేసి మళ్లీ వాడుకోగలగాలి. గూగుల్ కీప్‌లో టిక్కులన్నీ ఒకేసారి తీసేసే వీలు ఉంది. ఈ వరద జాబితా మీ పిల్లల చేతే రాయించండి. ఇంటికి పనికొచ్చే జాబితా తాను రాశానన్న నమ్మకం వాళ్లకు కలుగుతుంది.

కోరిక 3: రాసుకున్నది బయటికి తెచ్చుకోగలగాలి

కాగితం నోట్‌బుక్ కొంటే అది మనది. దుకాణం మూసేసినా పుస్తకం మనతోనే ఉంటుంది. యాప్ అలా కాదు. వండర్‌లిస్ట్ అనే పనుల జాబితా యాప్‌ను మైక్రోసాఫ్ట్ 2015లో కొని, 2020 మే 6న మూసేసింది. వాడేవాళ్లు తమ జాబితాలను వేరే యాప్‌కి తరలించుకోవాల్సి వచ్చింది. ఎవర్‌నోట్ అనే పేరున్న నోట్సు యాప్ 2023 డిసెంబరులో తన ఉచిత పథకాన్ని 50 నోట్లకు, ఒకే ఒక్క నోట్‌బుక్‌కి కుదించింది.

50 అంటే ఎంతో లెక్క వేయండి. పదో తరగతిలో ఏడు పేపర్లు. పేపర్‌కి ఏడు పాఠాల చొప్పున ఒక్కో నోట్ రాసుకుంటే 49. అంటే అర్ధ సంవత్సరం కాకముందే నిండిపోతుంది. ఆ తర్వాత డబ్బు కట్టాలి, లేదా నోట్సు వదులుకోవాలి. పదో తరగతి మధ్యలో పిల్లల్ని ఆ ఇబ్బందిలో పెట్టకూడదు.

కాబట్టి మొదటి రోజే, యాప్‌లో మూడే మూడు నోట్లు ఉన్నప్పుడే, వాటిని పీడీఎఫ్‌గానో మామూలు టెక్స్ట్‌గానో బయటికి తీసి ఇంకో ఫోన్‌లో తెరిచి చూడండి. తెలుగు అక్షరాలు చెదరకుండా వచ్చాయో లేదో చూడండి. గూగుల్ యాప్‌లలో దాచినదాన్ని దించుకోవడానికి గూగుల్ టేకౌట్ అనే సదుపాయం 2011 నుంచి ఉంది. ప్రతి యూనిట్ టెస్ట్ అయ్యాక ఒకసారి ఇలా బయటికి తీసి పెట్టుకోవడం మంచి అలవాటు. బయటికి వచ్చే దారి లేని యాప్‌లోకి మీ పిల్లల రెండేళ్ల కష్టాన్ని పంపకండి.

కోరిక 4: ఈ రోజు జాబితా చిన్నదిగా ఉండాలి

చాలామంది పిల్లలు యాప్ వేసుకున్న మొదటి రోజు ఉత్సాహంగా ముప్పై పనులు రాస్తారు. నాలుగో రోజుకి ఎర్రగా మెరిసే 'ఆలస్యం' గుర్తులు చూసి యాప్ తెరవడమే మానేస్తారు. ఇందులో తప్పు పిల్లలది మాత్రమే కాదు. అన్నీ ఒకేచోట గుట్టపోసే యాప్‌ది కూడా.

మైక్రోసాఫ్ట్ టు డూ యాప్‌లో 'మై డే' అనే పేజీ ఉంది. అది ప్రతిరోజూ ఖాళీగా మొదలవుతుంది. నిన్న మిగిలిన పనులు పోవు, వాటి వాటి జాబితాల్లో ఉంటాయి. కానీ ఈ రోజు ఏవి చేయాలో పిల్లలే ఎంచి తెచ్చుకోవాలి. మనం కోరవలసిన సౌకర్యం ఇదే. ఏ యాప్‌లోనైనా ఒక పేజీకి 'ఈ రోజు' అని పేరు పెట్టి, నాలుగు పనులకు మించకుండా ఉంచుకున్నా సరిపోతుంది.

రాసే తీరు కూడా ముఖ్యం. "లెక్కలు చదవాలి" అన్నది పని కాదు, ఆశ. "రాత్రి భోజనానికి ముందు లెక్కల్లో అభ్యాసంలోని మొదటి నాలుగు లెక్కలు" అన్నది పని. పూర్తికాని పని మనసును పట్టి లాగుతుందని బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1927లో రాశారు. ఆ పని ఎప్పుడు, ఎలా చేస్తామో స్పష్టంగా అనుకుంటే ఆ లాగుడు తగ్గుతుందని 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనే పరిశోధకులు చూపించారు. అంటే మంచి జాబితా రాసుకున్న పిల్లలు పని ఇంకా మొదలుపెట్టకపోయినా కొంత తేలికపడతారు.

ఇక్కడే గోడ క్యాలెండర్ గెలిచే ఒక విషయం ఉంది. ఫోన్‌లో "ఏటా ఇదే తేదీకి గుర్తుచేయి" అని పెట్టవచ్చు. మన పండుగలు, తీర్థాలు, ఇంటి ఆబ్దికాలు తిథిని బట్టి వస్తాయి. అంతర్వేది రథోత్సవం జరిగే భీష్మ ఏకాదశి 2024లో ఫిబ్రవరి 20న, 2025లో ఫిబ్రవరి 8న, 2026లో జనవరి 29న వచ్చింది. రాజోలు వైపు ఇళ్లకు ఆ రోజుల్లో చుట్టాలు వస్తారు. అదే సమయంలో పదో తరగతి రివిజన్ నడుస్తూ ఉంటుంది. "మాఘ శుద్ధ ఏకాదశికి మూడు రోజుల ముందు గుర్తుచేయి" అంటే అర్థం చేసుకునే యాప్ కావాలని మనం కోరాలి. అది దొరికేదాకా, ఉగాది నాడు కొత్త పంచాంగం ముందు పెట్టుకుని తాతగారో నానమ్మగారో చెబుతుంటే పిల్లలు ఆ తేదీలు ఫోన్‌లో ఎక్కించవచ్చు. అరగంట పని. తిథులూ నేర్చుకుంటారు.

కోరిక 5: చూపించే ముందు అడగాలి

అష్టావధానం చూసినవాళ్లకు తెలుసు. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది రకాలుగా అడుగుతుంటే అవధాని అన్నీ మనసులో పెట్టుకుని, చివర ధారణలో పద్యాలన్నీ తిరిగి చెబుతారు. మధ్యలో గంటలు లెక్కపెట్టాలి. అప్రస్తుత ప్రసంగి ధ్యాస మళ్లిస్తూనే ఉంటాడు. మన పిల్లల ఫోన్‌లో మోగే నోటిఫికేషన్ అచ్చంగా ఆ అప్రస్తుత ప్రసంగమే. అవధానికి ఏళ్ల సాధన ఉంది, పిల్లలకు లేదు. అందుకే చదువుకునే ఫోన్‌లో జాబితా యాప్‌కి తప్ప మిగతా వాటికి మోగే హక్కు తీసేయండి.

ధారణలో ఇంకో పాఠం ఉంది. జ్ఞాపకం బలపడేది మళ్లీ మళ్లీ చూడటం కన్నా మళ్లీ మళ్లీ చెప్పుకోవడం వల్ల. నేర్చుకున్నది ఎంత వేగంగా జారిపోతుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. 2006లో రోడిగర్, కార్పికే చేసిన ప్రయోగంలో పాఠాన్ని తిరిగి తిరిగి చదివినవాళ్లు అయిదు నిమిషాల తరువాత బాగానే చెప్పారు. వారం తరువాత మాత్రం, చదివి మూసేసి గుర్తుతెచ్చుకున్నవాళ్లే ముందున్నారు. స్లిప్ టెస్టులను పిల్లలు విసుక్కున్నా మేము మానకపోవడానికి కారణం ఇదే.

కాబట్టి నోట్సు యాప్‌లో ప్రశ్న పైన కనబడి జవాబు దాగి ఉండే వీలు ఉందో లేదో చూడండి. ఉచితంగా దొరికే ఆంకీ అనే యాప్ 2006 నుంచి ఈ పనే చేస్తోంది. తెలిసిన ప్రశ్నను దూరంగా, తెలియని ప్రశ్నను త్వరగా మళ్లీ అడుగుతుంది. యాప్ లేకపోయినా నోట్‌బుక్‌లో ఎడమ పేజీలో ప్రశ్నలు, కుడి పేజీలో జవాబులు రాసి, కుడి పేజీ మీద అట్ట పెట్టుకుంటే అదే ఫలితం.

కోరకూడనివి రెండు

మొదటిది: "నోట్సు తానే రాసిపెట్టే" సౌకర్యం. పాఠం ఫొటో తీస్తే సారాంశం చేసి ఇచ్చే యాప్‌లు ఇప్పుడు చాలా వచ్చాయి. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. కానీ నోట్సు రాయడంలో అసలు చదువు ఏది ఉంచాలో, ఏది వదలాలో తేల్చుకోవడంలోనే ఉంది. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ చేసిన పరిశీలనలో ల్యాప్‌టాప్ వాడినవాళ్లు ఉపన్యాసాన్ని మాటకు మాట దించుకున్నారు. చేత్తో రాసినవాళ్లు అవగాహన ప్రశ్నలకు మెరుగ్గా జవాబిచ్చారు. తరువాత ఇతరులు అదే ప్రయోగం చేస్తే తేడా అంత స్పష్టంగా రాలేదు. కాబట్టి పెన్నా, కీబోర్డా అని పంతం అక్కర్లేదు. సొంత మాటల్లో రాశారా లేదా అన్నది చూడండి. సారాంశం కావాలంటే ముందు తాము రాసి, తరువాత యాప్ ఇచ్చినదానితో పోల్చి, తాము వదిలేసినది ఏదో వెతుక్కోమనండి.

రెండోది: పిల్లలు టిక్ పెట్టినప్పుడల్లా, పెట్టనప్పుడల్లా మీ ఫోన్‌కి కబురు పంపే సౌకర్యం. చాలామంది తల్లిదండ్రులు ముందుగా అడిగేది ఇదే. మీ ఆందోళన మాకు అర్థమవుతుంది. ఫీజు కడుతున్నారు, పిల్లల భవిష్యత్తు మీద బెంగ ఉంటుంది. కానీ ఒక్కసారి పిల్లల వైపు నుంచి ఆలోచించండి. టిక్ చూసి నాన్న సంతోషిస్తారని తెలిసిన పిల్లలు పని పూర్తిచేయడం కన్నా ముందు టిక్ పెట్టడం నేర్చుకుంటారు. జాబితా వాళ్లకు సాయంగా ఉండటం మానేసి మీకు ఇచ్చే నివేదిక అవుతుంది. రేపు ఇంటర్మీడియట్‌కి హాస్టల్‌లో చేరిన రోజున ఎవరూ చూడని జాబితా ఎలా నడపాలో వాళ్లకు తెలియదు.

మధ్యే మార్గం ఉంది. యాప్‌లో రెండు జాబితాలు పెట్టండి. ఒకటి 'ఇల్లు': ఫీజు రసీదు, సైన్సు ఫెయిర్ సామాను, పేరెంట్ మీటింగ్ తేదీ. ఇది అందరూ చూసేది. రెండోది 'నాది': అది పిల్లలది మాత్రమే. ఆదివారం సాయంత్రం పది నిమిషాలు పక్కన కూర్చుని "ఈ వారం నీ జాబితా ఎలా నడిచింది?" అని అడగండి. చూపిస్తే చూడండి. చూపించకపోతే వినండి.

మీకు తెలియకుండా వేరేవాళ్లు చూడటం విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివారు పిల్లలే. వాళ్ల వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని, వాళ్లను లక్ష్యంగా చేసుకుని ప్రకటనలు చూపకూడదని ఆ చట్టం చెబుతోంది. నోట్సు రాసుకునే యాప్ కాంటాక్టులు, లొకేషన్ అడిగితే ఎందుకని మీరూ అడగండి. కారణం తెలియకపోతే అనుమతి ఇవ్వకండి.

ఈ నెల ఇంటి పని (తల్లిదండ్రులకు!)

మొదటి వారం: యాప్ వద్దు. ఒక చిన్న నోట్‌బుక్‌లో రోజుకి నాలుగు పనులు పిల్లల చేతే రాయించండి. కాగితం మీద నిలవని అలవాటు ఫోన్‌లో కూడా నిలవదు.

రెండో వారం: ఒకే ఒక్క యాప్ ఎంచుకుని ఈ ఆరు పరీక్షలు పిల్లలతో కలిసి పెట్టండి. ఒక్కోదానికి రెండు నిమిషాలు చాలు.

1. తెలుగులో రాసినది తెలుగులో వెతికితే దొరికిందా?
2. ఏరోప్లేన్ మోడ్‌లో చదవడం, రాయడం కుదిరిందా?
3. నోట్సు బయటికి తీస్తే అక్షరాలు సరిగ్గా వచ్చాయా?
4. 'ఈ రోజు' పేజీ విడిగా ఉందా?
5. జవాబు దాచి ప్రశ్న అడిగే వీలు ఉందా?
6. అక్కర్లేని అనుమతులు ఏమైనా అడిగిందా?

మూడు, నాలుగు వారాలు: వాడి చూడండి. నెలాఖరుకు "దీనివల్ల నీకు ఏది తేలికైంది?" అని అడగండి. జవాబు చెప్పలేకపోతే ఏ మొహమాటమూ లేకుండా నోట్‌బుక్‌కే తిరిగి వెళ్లండి. అందులో ఓటమి ఏమీ లేదు. గోడ క్యాలెండర్‌తో ఇల్లు నడుపుకొచ్చిన వాళ్లమే మనమంతా.

అమలాపురం, రాజోలు, కొత్తపేట శాఖల్లో వచ్చే పేరెంట్–టీచర్ మీటింగ్‌కి వచ్చేటప్పుడు ఆ ఆరు ప్రశ్నల జవాబులు కాగితం మీద రాసుకుని తీసుకురండి. వీలైతే పిల్లల చేతి రాతతో. ఏ యాప్‌కి ఏ లోపం కనబడిందో అందరం ఒకచోట చెప్పుకుంటే తరువాతి తల్లిదండ్రులకు వెతుకులాట తప్పుతుంది. మీటింగ్ తేదీ తరగతి డైరీలో ఉంది. ఈ ఒక్కసారికి గోడ క్యాలెండర్ మీద కూడా సున్నా చుట్టండి.